బోర్డు వెనక జమ్మి ఆకు

"నా సంచి ఏడ పెట్టినవ్ బాపూ?"

రామ్‌చందర్ గోడ వైపు తిరిగి కూర్చుని చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటున్నాడు. కోపంలో ముంచడం కాస్త ఎక్కువైంది. బిస్కెట్ తెగి గ్లాసులో మునిగిపోయింది. మామూలు రోజైతే దాని మీద ఏదో ఒకటి అని ఇంట్లో అందరినీ నవ్వించేవాడు. ఇవాళ చెంచాతో తీసుకుని చప్పుడు చేయకుండా మింగేశాడు.

"నిన్నే అడుగుతున్న బాపూ. నా టూల్స్ సంచి. రాత్రి గీ మూలకే పెట్టి పన్న."

"ఆండాలూ," అన్నాడు రామ్‌చందర్, గోడతోనే. "నీ బిడ్డకు చెప్పు. సంచి సంగతి నాకు ఎర్క లేదని."

ఆండాలు పెనం మీది రొట్టెను తిప్పేసి ఇద్దరినీ చూసింది.

"నేనేమన్న టెలిఫోనా? మీ ఇద్దరి నడుమ మూరెడు జాగ లేదు. దానికి నేను మాటలు మొయ్యాల్నా?"

మోయక తప్పడం లేదు పాపం. కిషన్‌బాగ్‌లోని ఆ ఇంట్లో కొన్నాళ్లుగా తండ్రీ కూతుళ్ల మాటలన్నీ ఆండాలు మీదుగానే నడుస్తున్నాయి. ఆ ఇంట్లో ముగ్గురు మనుషులూ రెండు బర్రెలూ ఉంటే, రామ్‌చందర్ సరిగ్గా మాట్లాడుతున్నది బర్రెలతోనే.

"అమ్మా, మీ ఆయనకు చెప్పు," అంది స్రవంతి. "ఇయ్యాల నా ఆఖరి పరీక్ష అని చెప్పు. మధ్యాహ్నానికి గోడ చేసి చూపియ్యకుంటే సర్టిఫికెట్ రాదని చెప్పు."

"నీ బిడ్డకు చెప్పు. హైదరాబాద్‌ల గోడలకేం కరువు లేదని. యాడికన్న పొమ్మను. గా ఇంటికి మాత్రం వద్దు."

"పరీక్ష గోడలు మనం ఏరుకునేటియి కావని చెప్పమ్మా!"

"నాకు చెప్పకుర్రి!" ఆండాలు రొట్టెను తట్టలోకి విసిరింది. "రొట్టె మాడుతుంది గాని మీ లొల్లి తెగుతలేదు."

రామ్‌చందర్ లేచి గ్లాసు కడిగి బోర్లించి బయటికి పోయాడు.

స్రవంతికి ఏడుపొచ్చినంత పనైంది. ఆడపిల్లకు కరెంటు పనేమిటని గల్లీ వాళ్లు మూతి విరిచినప్పుడు, "కరెంటుకు ఆడ మగ తెల్వదు, ముట్టుకుంటే అందర్ని కొడతది" అని వాళ్ల నోళ్లు మూయించినవాడు ఆ బాపే. టెస్టర్ పట్టుకోవడం నేర్పింది ఆయన. పాత కట్టడాల్లో కరెంటు పని ఎలా చేయాలో నేర్పే శిక్షణ ఒకటి పెట్టారని తెలిసినప్పుడు, తన టీవీఎస్ మీద ఎక్కించుకుని పోయి పేరు రాయించింది కూడా ఆయనే.

శిక్షణ చివరికొచ్చింది. నేర్చుకున్న ప్రతి ఒక్కరికీ ఒక్కో పాత ఇంట్లో ఒక్కో గోడ ఇచ్చారు. దాని పాత వైరింగ్ తీసి, గోడకు నొప్పి కలగకుండా కొత్తది వేసి చూపించాలి. స్రవంతికి వచ్చింది వాసవాంబ అనే పెద్దావిడ ఇంట్లో, వచ్చినవాళ్లు కూర్చునే దివాన్‌ఖానా గోడ. అప్పటి నుంచే బాపు నోటికి తాళం పడింది.

లేదు, అప్పటి నుంచి కాదు. ఎప్పటి నుంచో స్రవంతికి నిన్న సాయంత్రమే తెలిసింది. తెలిసిన దగ్గర నుంచి ఆమెకు తిండి సయించడం లేదు.

*

"అమ్మా, జర ఇటురా."

బర్రెల కొట్టంలో గడ్డి మోపుల మీద కూర్చుని ఉంది స్రవంతి. ఆండాలు పాల చెంబు పక్కన పెట్టి వచ్చి ఎదురుగా కూర్చుంది.

స్రవంతి టిఫిన్ డబ్బా మూత తీసింది. అందులో అన్నం లేదు. కాగితం మడతలో ఎండి పెళుసెక్కిన చిన్న రెమ్మ ఉంది.

"జమ్మి ఆకు," అంది ఆండాలు చూస్తూనే. "దసరా నాటిదా?"

"ఏ దసరాదో దేవునికే ఎర్క. వాసవాంబమ్మ ఇంట్ల గోడ మీది పాత స్విచ్ బోర్డు ఇప్పిన నిన్న. ఎనకకెళ్లి రాలింది."

ఆండాలు చెయ్యి నోటి మీదకి పోయింది.

దసరానాడు జమ్మి ఆకును బంగారమని అందరూ పంచుకుంటారు. చిన్నవాళ్లు పెద్దవాళ్ల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతారు. ఆ తర్వాత ఆ ఆకు జేబుల్లోనో బీరువాలోనో ఎక్కడో పోతుంది. రామ్‌చందర్ మాత్రం ఏటా తన వంతు ఆకును ఒక జర్దా డబ్బాలో దాచుకుంటాడు. ఎవరింట్లో కొత్త బోర్డు పెట్టినా, మరలు బిగించే ముందు వెనకాల ఒక రెమ్మ పెడతాడు. ఆ ఇంటికి వెలుతురు తక్కువ కాకూడదని ఆయన నమ్మకం. పని నేర్పిన జహంగీర్ ఉస్తాద్ మొదట్లో నవ్వి, తర్వాత తర్వాత "మేరీ దువా, తేరా పత్తా, దోనోఁ రఖ్ దే" అనేవాడట, తన ప్రార్థనా అతని ఆకూ రెండూ కలిపి పెట్టమని. పాతబస్తీ మొత్తంలో బోర్డు వెనక జమ్మి పెట్టే ఎలక్ట్రీషియన్ ఇంకొకడు లేడు.

"అంటే గా గోడ..." అంది ఆండాలు.

"బాపు చేసిందే."

బర్రె ఒకటి తోక విసిరింది. ఇద్దరూ కాసేపు దాన్నే చూశారు.

"గందుకా," అంది చివరికి ఆండాలు. "గా పొద్దు అన్నం తినేటప్పుడు ఫోన్ల ఫోటో చూపిచ్చినవ్ యాదుందా?"

యాదుండకేం. వాసవాంబ ఇంటి గోడ ఫోటో అది. పైకప్పు నుంచి బోర్డు దాకా గోడను లోతుగా కోసి, పైపు పెట్టి, సిమెంటు నింపేశారు. పాత ఇళ్ల గోడలు డంగు సున్నంతో కట్టినవి. తేమను లోపలికి పీల్చుకుని మళ్లీ బయటికి వదులుతుంటాయి. సిమెంటు వదలనివ్వదు. దాంతో ఆ కోతకు రెండు పక్కలా సున్నం ఉబ్బి, పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది. పక్కనే ఉన్న పూల చెక్కడం కూడా సగం పోయింది.

"గప్పుడు నువ్వేమన్నవ్?"

స్రవంతి తల దించుకుంది.

"చెప్పు. ఏమన్నవ్?"

"'చూడు బాపూ, ఎవడో కసాయోడు. గోడను మేకను కోసినట్టు కోసిండు' అన్న."

"ఆయన ఏమన్నడు?"

"'గిదెవరిల్లు' అని అడిగిండు. చెప్పిన. కంచంల చెయ్యి కడుక్కున్నడు."

అంతే జరిగింది. ఆ పూట పప్పులో ఉప్పెక్కువైందేమో అనుకుంది ఆండాలు. కూతురు రోజంతా బయట తిరుగుతోందని కోపమేమో అనుకుంది స్రవంతి. ఇద్దరివీ తెలివితక్కువ లెక్కలే.

"నా బాపును నేనే కసాయోడన్నమ్మా," అంది స్రవంతి. "కంచం ముంగట కూసుండవెట్టి."

ఆండాలు కూతురి వీపు మీద చెయ్యి వేసింది. ఓదార్చడానికి కాబోలు అనుకుంటే పొరపాటు. గట్టిగా ఒక్కటి చరిచింది.

"తెల్వక అన్నవ్. ఆయన తెల్వక కోసిండు. ఇద్దరు ఒక్కతీరే పుట్టిండ్రు. ఇప్పుడు ఎర్కైంది కదా, ఏం జేస్తవో గది చెప్పు."

"అదే తోస్తలేదు. ఇయ్యాల మధ్యాహ్నం పాతబస్తీ కరెంటోళ్లందర్ని గా ఇంటికే పిలిచిండ్రు, మా పని చూసెతందుకు. బాపు దోస్తులు భిక్షపతి కాకా, బసవయ్య కాకా అందరు వస్తరు. ఇంద్రజ మేడం గా పాత గోడ ఫోటో పెద్దగ చేయించి పెడతదంట. గిట్ల చెయ్యొద్దని చెప్పెతందుకు. గా పని ఎవరు చేసిండ్రో ఎర్కైతే చెప్పుమన్నది గూడ."

"చెప్తవా?"

"తల తెగినా చెప్ప."

"మరి మీ బాపుకు?"

"నువ్వే చెప్పమ్మా. నాకు ఎర్కైందని, తప్పైందని..."

"నేను చెప్ప," అంది ఆండాలు లేచి చీర దులుపుకుంటూ. "టెలిఫోన్ ఖరాబైంది. నువ్వే పొయ్యి చెప్పుకో."

స్రవంతి ముంగిట్లోకి పరుగెత్తింది. అప్పటికే ఆలస్యమైంది. రామ్‌చందర్ ఇంట్లో లేడు, గోడకు ఆనించి ఉండే టీవీఎస్ బండీ లేదు.

*

సంచి లేకుండానే ఆటో ఎక్కింది స్రవంతి.

గాజుల దుకాణాల గల్లీ దాటి, కమాను కింద నుంచి లోపలికి పోతే వాసవాంబ ఇల్లు. ఎవరో నవాబు బంధువు కట్టించుకున్న ఇంటిని బట్టల వ్యాపారం చేసే ఆమె మామగారు ఎన్నడో కొన్నారు. కొడుకులు కొత్త ఫ్లాట్లు కొనుక్కుని పోదామంటే, "గీ సల్లదనం మీ ఏసీలల్ల వస్తదా" అని వాసవాంబ కదల్లేదు. ఎండాకాలం ఆ దివాన్‌ఖానాలో కూర్చున్నవాళ్లెవరూ ఆమెను తప్పు పట్టలేరు.

గడప దాటగానే స్రవంతి కాళ్లు ఆగిపోయాయి.

ఫోటో అప్పటికే పెట్టేశారు. నిలువెత్తు ఉంది. కోసిన గోడ, ఉబ్బిన సున్నం, విరిగిన పూలు, అన్నీ దాంట్లో ఇంకా పెద్దగా, ఇంకా ఘోరంగా కనిపిస్తున్నాయి. కింద ఎర్ర అక్షరాల్లో రాసి ఉంది: ఇది కసాయి పని.

"బాగా వచ్చింది కదా?" అంది ఇంద్రజ. పాత కట్టడాల మరమ్మతులో చదువుకున్న మనిషి. వీళ్లకు శిక్షణ ఇచ్చేది ఆమే. చెడ్డ మనిషి ఏమాత్రం కాదు. గోడలంటే ప్రాణం. గోడల మీద ఉన్నంత జాలి మనుషుల మీద ఉంచుకోవడం అప్పుడప్పుడు మరిచిపోతుంది, అంతే.

"మేడం, కింద గా మాట..."

"నీ మాటే కదా స్రవంతీ! క్లాసులో నువ్వే అన్నావు. ఎంత బాగా చెప్పావో అనిపించి అలాగే వేయించాను."

స్రవంతి క్లాసు గుర్తు చేసుకుంది. ఇంట్లో అన్నది చాలలేదని క్లాసులో కూడా అన్నానా? అన్నది. అందరూ నవ్వారు కూడా.

"మేడం, అది తీసెయ్యండి."

"ఎందుకు?"

"గోడ ఎట్ల చెయ్యాల్నో నేను చేసి చూపిస్త. ఎట్ల చెయ్యొద్దో గూడ నోటితోని చెప్త. ఫోటో వద్దు."

"స్రవంతీ, వచ్చే వాళ్లలో చాలామంది ఇప్పటికీ ఇలాగే చేస్తున్నారు. కళ్లతో చూస్తే తప్ప..." ఇంద్రజ మాట ఆపి ఆమె మొహం చూసింది. "ఎవరు చేశారో తెలిసిందా?"

స్రవంతి ఫోటో తాడు ముడి మీద చెయ్యి వేసింది.

"తెలిసింది. కదూ?"

"తెలిసింది. చెప్ప."

"నేనేం వాళ్లని పోలీసులకు పట్టించనమ్మా. పిలిచి మాట్లాడదామని."

"ఎన్నిసార్లు అడిగినా చెప్ప మేడం."

పక్కన పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న వాసవాంబ చేతులు ఆగాయి. ఆమె స్రవంతిని ఒకసారి, ఫోటోను ఒకసారి చూసింది. ఏదో అనబోయి, మళ్లీ కాయల్లో పడింది.

"నీ ఇష్టం. చెప్పకు," అంది ఇంద్రజ. ఆమెకూ కోపం వచ్చింది. "ఫోటో మాత్రం ఉంటుంది. ఇది ట్రైనింగ్. ఒకరి కోసం తీసేది కాదు."

"అట్లైతే నేను గోడ ముట్టుకోను."

"ముట్టుకోకపోతే సర్టిఫికెట్ రాదు. తెలుసు కదా?"

"ఎర్కే. రాకుంటే మానె."

అనేసింది గానీ, ఆ మాట బయటికి రాగానే స్రవంతికి పోయేదంతా లెక్కకొచ్చింది. ఇన్ని నెలలు. సున్నం తడికి పగిలిన వేళ్లు. ఆ ముక్క కాగితం ఉంటే పాత ఇళ్ల పని తన పేరు మీదే వస్తుంది, ఇంకొకరి వెనక నిలబడనక్కర్లేదు. అంతా పోయినట్టే. అయినా మాట వెనక్కి తీసుకోవాలని ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

"సంచే లేదాయె, ఏం ముట్టుకుంటవ్?" అన్నారెవరో వెనక నుంచి.

గుమ్మంలో రామ్‌చందర్ నిలబడి ఉన్నాడు. భుజాన టూల్స్ సంచి. చేతిలో మూత పెట్టిన స్టీలు క్యాను. ఇన్నాళ్ల తర్వాత గోడతో కాకుండా, ఆండాలుతో కాకుండా, నేరుగా కూతురితో అన్న మొదటి మాట అది.

"బాపూ! నువ్వు..."

"జర జరుగు."

ఆయన చెప్పులు విడిచి ఫోటో ముందుకు వచ్చాడు. జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. అక్షరం అక్షరం కూడబలుక్కుని పైకే చదివాడు.

"ఇది... కసాయి... పని."

స్రవంతికి ఆ ఫోటోను పీకి మడిచి నమిలి మింగేయాలనిపించింది.

"ఫోటో మంచిగొచ్చింది," అన్నాడు రామ్‌చందర్. కళ్లద్దాలు తీసి ఇంద్రజ వైపు తిరిగాడు. "గీ పని నాది మేడం."

"మీది... మీరు..."

"స్రవంతి నాయనను. రామ్‌చందర్."

ఇంద్రజ మొహం పాలిపోయింది. చేతులు జోడించింది.

"ఎందుకు కోసినవ్ అని అడుగురి. చెప్త," అన్నాడు రామ్‌చందర్. "గప్పుడు నేను కొత్తగ సొంతంగ పని చేస్తున్న. సిమెంటంటే మాకు బంగారం లెక్క. డంగు సున్నం ముసలోళ్లది, పోయింది అనుకున్నం. పెద్దోళ్ల ఇల్లు కదా, పదికాలాలు ఉండాలె అని లోతుగ కోసి, అందరి తీరు కాకుండ దోసెడు సిమెంటు ఎక్కువేసి మెత్తిన. ఖరాబు చెయ్యాల్నని చెయ్యలే మేడం. పాయిరంగ చేసిన."

"అవును," అంది వాసవాంబ పీట మీద నుంచి. "గీ గల్లీల గసొంటి పని లేదని నేనే మెచ్చుకుని దోతి పెట్టిన. బోర్డు ఎనక ఆకు పెడుతుంటే ఏందని గూడ అడిగిన. నువ్వు రాంగనే ఆనవాలు పట్టిన రామ్‌చందర్. బట్టతల వచ్చిందే!"

"వచ్చిందమ్మా," అన్నాడు రామ్‌చందర్ వినయంగా.

ప్రేమతో పాడు చేసిన వస్తువులు లోకంలో చాలానే ఉంటాయి. పిల్లలు, ఊరగాయలు, గోడలు. ద్వేషంతో పాడైనవాటికన్నా అవే ఎక్కువేమో కూడా.

ఇంద్రజ గబగబా ఫోటో దగ్గరికి పోయి తాడు విప్పబోయింది. రామ్‌చందర్ ఆపాడు.

"ఉండనియ్యి బిడ్డా. మావోళ్లు చూడాలె. కింద నా పేరు రాయి. రామ్‌చందర్ చేసిండు అంటే భిక్షపతి గూడ ఇంటడు. ఎవడో చేసిండు అంటే ఎవడినో అనుకుంటడు. గా కసాయి మాట మటుకు కొట్టెయ్."

"తప్పకుండా. క్షమించండి. అలా రాయకూడదు."

"నాకేం రంజు లేదు. మా గల్లీల కసాయోళ్లు ఉన్నరు. మస్తు సాఫ్‌గ కోస్తరు. వాళ్లకు ఎర్కైతే గింత గలీజు పనికి మా పేరేందని లొల్లికొస్తరు."

వాసవాంబ మొదట నవ్వింది. తర్వాత ఇంద్రజ. స్రవంతి మాత్రం నవ్వబోయి ఏడ్చేసింది.

"బాపూ, నేను... గా పొద్దు..."

"చుప్," అన్నాడు రామ్‌చందర్. "ఉన్న మాటే అన్నవ్. ఇజ్జత్ పోయిందని కోపం రాలే నాకు. చేసింది నేనని నీకు తెలిస్తే, నేను నేర్పిన పనంత గసొంటిదే అనుకుంటవని భయమైంది. గందుకే సంచి దాచిన."

"ఏడ దాచినవ్?"

"గడ్డి మోపుల కింద. పొద్దుగాల నువ్వు గా మోపుల మీదనే కూసున్నవట. నువ్వు పోయినంక నేను ఇంటికి మర్లొస్తే, మీ అమ్మ గుంజి తీసి నా చేతుల పెట్టి, గల్లీ మొగల దాక తిట్టుకుంట తోలింది." క్యాను ముందుకు జరిపాడు. "సున్నంల కలిపెతందుకు పెరుగు కావాల్నన్నవట. బర్రె పెరుగు, చిక్కగుంది."

*

మెయిన్ ఆపారు. స్రవంతి టెస్టర్ పెట్టి చూసింది. తర్వాత రామ్‌చందర్ కూడా చూశాడు. ఆ ఒక్క విషయంలో కూతురినైనా నమ్మకూడదని నేర్పింది ఆయనే.

గోడ పై సగం స్రవంతి ముందే చేసేసింది. సిమెంటు తీసి, కరక్కాయ నీళ్లూ బెల్లం నీళ్లూ పోసి నానబెట్టిన సున్నంతో పూడ్చింది. బోర్డు ఉన్న కింది ముక్కే మిగిలింది. రామ్‌చందర్ ఉలి తీసి, పెద్ద సుత్తి ఎత్తాడు.

"అది వద్దు బాపూ."

"ఏ?"

"గట్టిగ కొడితే పక్క సున్నం అదురుతది. చిన్న సుత్తి. నడుమకెళ్లి మెల్లగ. సిమెంటే ఊడాలె, గోడకు తెల్వొద్దు."

రామ్‌చందర్ చెయ్యి గాలిలో ఆగింది. ఆయన చేతికి "అది వద్దు" అన్నవాడు జహంగీర్ ఉస్తాద్ తర్వాత ఎవడూ లేడు. వాసవాంబ చిక్కుడుకాయలు మళ్లీ ఆగాయి.

ఆయన పెద్ద సుత్తి సంచిలో పెట్టి, చిన్నది తీసుకున్నాడు.

"గిట్లనా?"

"ఇంకింత మెల్లగ."

"గిట్లనా?"

"ఆ. గట్ల."

సిమెంటు ముక్క ముక్కగా రాలింది. గోడకు తెలియలేదు. స్రవంతి గోడ తడిపి, పెరుగు కలిపిన సున్నం మెత్తింది. గోనె సంచి తడిపి పైన వేలాడదీసింది, ఆరకుండా మెల్లగా గట్టిపడటానికి. ఆ పక్కన, గోడ కోయకుండా, రాయి ముట్టకుండా, పాత రంధ్రాల్లోనే చెక్క బిరడాలు కొట్టి టేకు పట్టీ ఆనించి చూసింది.

ఆ పట్టీ చూసి రామ్‌చందర్ పకపకా నవ్వాడు.

"గిది మా ఉస్తాద్ నాకు మొదాలు నేర్పిన పని బిడ్డా! పట్టీ పని పాతదైందని గోడ కోసుడు నేర్చుకున్నం. ఇప్పుడు తిరిగి తిరిగి గిదే కొత్త సదువా?"

"గిదే కొత్త సదువు. వైరు మారింది, ఎర్తింగ్ మారింది. పట్టీ మారలే."

"అయితే గీ పట్టీ నేను ఏస్త. నువ్వు తప్పు వట్టు."

తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. ఆయన చేతికి అది ఇంకా గుర్తుంది. ఉస్తాద్ పాడే పాట ఏదో ముక్కుతో మూలుగుతూ మరలు బిగించి, పట్టీ మీదుగా వైరు దించాడు. స్రవంతి పక్కన కూర్చుని అందిస్తూ పోయింది. నిన్న సాయంత్రం తర్వాత మొదటిసారి ఆమెకు ఆకలి వేసింది.

చివరికి బోర్డు మిగిలింది. రామ్‌చందర్ అలవాటుగా జర్దా డబ్బా తీసి, ఒక రెమ్మ వేళ్ల మధ్య పట్టుకున్నాడు.

స్రవంతి చూసింది. ఇది చెప్పడం సుత్తి మాట చెప్పినంత తేలిక కాదు. అయినా చెప్పాలి.

"బాపూ, బోర్డుల ఎండాకు పెట్టొద్దు. వైరు వేడైతే అంటుకుంటది. పాత ఇంట్ల దూలాలన్ని కట్టెవే."

రామ్‌చందర్ రెమ్మను చూశాడు. ఎన్ని ఇళ్లలో, ఎన్ని బోర్డుల వెనక పెట్టాడో. ఏదీ అంటుకోలేదు. ఆ మాట ఆయన నాలుక చివర దాకా వచ్చి ఉంటుంది. మింగేశాడు.

"మరి దీన్ని ఏం జెయ్యాలె?"

"నాకు తెల్వదు బాపూ."

ఆయన కూతురి కుడి చెయ్యి పట్టుకుని, సున్నం అంటిన అరచేతిని తెరిచి, ఆ రెమ్మను అందులో పెట్టాడు.

చిన్నవాళ్లు పెద్దవాళ్ల చేతిలో పెట్టే ఆకు అది. స్రవంతి గబుక్కున చెయ్యి వెనక్కి లాక్కోబోయింది.

"బాపూ, ఉల్టా పెడుతున్నవ్!"

"సక్కగనే పెడుతున్న," అన్నాడు రామ్‌చందర్. "ఉస్తాద్ చేతుల పెడుతున్న."

స్రవంతి గుప్పిట మూసుకుని, ఆయన కాళ్లకు దండం పెట్టడానికి వంగింది. ఆయన భుజాలు పట్టి లేపాడు. ఇద్దరి బట్టలకూ సున్నం అంటుకుంది.

మెయిన్ వేశారు. గోడ మీద బల్బు వెలిగింది. పట్టపగలు దాని వెలుతురు ఎవరికీ అక్కర్లేదు, అయినా అందరూ నిలబడి చూశారు. ఇంద్రజ గోడ మీద అరచెయ్యి ఆనించి, పట్టీ వెంబడి పైదాకా చూసి, "సర్టిఫికెట్ మీద నీ పేరు ఎలా రాయాలో చెప్పు స్రవంతీ. తప్పు పడకూడదు," అంది. బయట గల్లీలో బండ్ల చప్పుడు, భిక్షపతి దగ్గు వినిపించాయి. జనం రావడం మొదలైంది.

వాసవాంబ లేచి కొంగున ఉన్న తాళాల గుత్తి విప్పింది.

"గీ తాళం ఏసినప్పటి సంది ఎవ్వరికీ ఇయ్యలేదు బిడ్డా. పైన అద్దాల హాలు తాళం. కప్పు మీద రంగుల పూలు, గోడలనిండ అద్దాలు. మంచి చెయ్యి దొరికితేనే తెరవాల్నని మా ఆయన అనేటోడు. ఆ పని నీకే ఇస్తున్న."

ఇంద్రజ కళ్లు పెద్దవయ్యాయి. ఆ హాలు చూడాలని ఆమె ఎన్నిసార్లు అడిగిందో. స్రవంతి తాళంచెవి తీసుకుని ఆనందంగా తండ్రి వైపు తిరిగింది.

రామ్‌చందర్ జర్దా డబ్బా మూత పెడుతున్నాడు. ఎంతకీ పెడుతూనే ఉన్నాడు.

"ఏమైంది బాపూ? పద, మీదికి పొయ్యి చూసొద్దాం."

ఆయన మెట్ల వైపు చూశాడు. మెడ మీద చెమట తుడుచుకున్నాడు.

"గీ గోడకు తట్టెడు సిమెంటే పట్టింది బిడ్డా," అన్నాడు మెల్లగా. "తక్కిన బస్తంత గప్పుడు మీది హాలుకే మోసిన."